లెక్కకెక్కిన వీరుడు – లెక్కకు రాని రైతు

యుద్ధవీరుని కొలుచుటకు అంకె యొక్కటి చాలునా? ఈ ప్రశ్నను మన పఠనమందిరములయందు గట్టిగా వేయవలసిన కాలము వచ్చినది. రెండవ ప్రపంచ సంగ్రామమున జర్మను విమానయోధులు కూల్చిన విమానముల పట్టికలను మన పట్టణములలోని చదువుకొన్న యువకులు కొందరు పద్యములవలె కంఠస్థము చేయుచున్నారు. హెల్ముట్ విక్ కూల్చినవి 56, ఎరిక్ హార్ట్‌మన్ కూల్చినవి 352 అని తడుముకొనక చెప్పుదురు. ఆ యోధుడు ఎవరి పక్షమున నెగిరెను, ఎవరి సొమ్ముతో నెగిరెను, ఎవరి నెత్తిమీద నెగిరెను అని యడిగినచో మాత్రము నోరు మెదపరు. ఆ యుద్ధముననే తెలుగు రైతు సొమ్ముతో సీమలో విమానదళములు నిలిచినవనియు, తెలుగు తీరముపై బాంబులు పడిననాడు వానిలో నొక విమానమైనను ఇచ్చట లేకపోయెననియు వారికి తెలియదు. పరుల పద్దును వల్లించుచు సొంత పద్దును మరపించు ఈ విద్య దేశమునకు మేలు చేయునది కాదని చెప్పుటయే మా యుద్దేశము.

విక్ ధైర్యశాలి కాడని మేమనుట లేదు. ఉన్నది ఉన్నట్లే చెప్పెదము. అతడు 1915 ఆగస్టు 5న మన్‌హైము నగరమున జన్మించెను. జర్మను వైమానిక సేనలో చేరి, వెర్నర్ మోల్డర్స్ అను ప్రసిద్ధ యోధుని యొద్ద విద్య నేర్చెను. 1939 నవంబరు 22న ఫ్రాన్సు దేశపు నాన్సీ నగర ప్రాంతమున తొలి విమానమును కూల్చెను. 1940 వేసవిలో ఫ్రాన్సు పతనమైన పిదప, అతని దళము నార్మండీ తీరమున దిగి, కాలువకు ఆవలనున్న ఇంగ్లండు దక్షిణ తీరముపై పోరు సాగించెను. ఆగస్టు 27 నాటికి అతని లెక్క 20. అక్టోబరు 6 నాటికి 42. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పతకము. అక్టోబరు నెలలోనే రిష్టోఫెన్ పేరు ధరించిన యుద్ధవిమాన దళమునకు అధిపతి యయ్యెను. అప్పటికి అతని వయస్సు ఇరువదియైదేండ్లు. వార్తాపత్రికలు అతని ఛాయాపటములను ముద్రించినవి. హిట్లరు తన చేతులతో పతకము నొసగెను.

1940 నవంబరు 28న వైట్ ద్వీపము చెంత అతడు తన యేబదియారవ విమానమును కూల్చెను. కొలది నిమిషములలో అతని విమానమే కూలెను. గొడుగుతో సముద్రములోనికి దిగిన యతని జాడ మరల తెలియలేదు. అతనిని కూల్చెనని ప్రసిద్ధికెక్కిన ఆంగ్లేయ యోధుడు జాన్ డండాస్, యుద్ధమునకు పూర్వము యార్క్‌షైరు పోస్టు అను పత్రికలో పనిచేసిన విలేఖరి. అతడును ఆ దినముననే, ఆ సముద్రముననే అదృశ్యుడయ్యెను. ఇద్దరును 1915 ఆగస్టు నెలలో జన్మించినవారే. ఇద్దరికిని సమాధి లేదు. పట్టికలు వల్లించువారు ఈ భాగమును వల్లింపరు. ఏబదియారు అను అంకె చెప్పుటతో వారి చరిత్ర ముగియును. ఆ అంకెలో నెందరు తల్లుల బిడ్డలు అణగిపోయిరో దాని కొనను వ్రాయబడి యుండదు.

ఆ అంకెయైనను నమ్మదగినదా? మబ్బుల నడుమ, గంటకు మూడునూర్ల మైళ్ల వేగమున, ఒకే శత్రువును ఇద్దరు ముగ్గురు కాల్చుచుండగా, ఎవరు కూల్చిరో ఎవ్వరు చెప్పగలరు? జర్మనులు సాక్షిని కోరిరి, వ్రాతమూలకముగ విజ్ఞప్తిని కోరిరి; అయినను పొరపాటులు తప్పలేదు. ఆంగ్లేయుల సంగతియు నింతియే. 1940 సెప్టెంబరు 15న 185 జర్మను విమానములను కూల్చితిమని వారి ప్రభుత్వము చాటింపు వేసెను. యుద్ధానంతరము జర్మనుల దస్త్రములను తిరుగవేయగా, ఆనాడు జర్మనులు పోగొట్టుకొన్నవి సుమారు అరువదియని తేలెను. ఒకటిని మూడు చేసి చెప్పుట యుద్ధకాలపు అలవాటు. అట్టి పద్దును వేదవాక్యముగ నెత్తిన పెట్టుకొనుట మన చదువునకు శోభ కాదు.

హార్ట్‌మన్ మాట చూతము. అతడు 1942 శరత్కాలమున తూర్పు రంగమునకు వచ్చి, 1945 మే 8 వరకు 1,404 మారులు యుద్ధమునకు ఎగిరెనని పద్దు. కూల్చినవి 352, వానిలో 345 సోవియట్ విమానములు. ప్రపంచమున మరి యే యోధునికిని ఇంతటి అంకె లేదు. ఇతరుల కేల లేకపోయెను? ఆంగ్లేయులును అమెరికనులును తమ యోధులను కొంతకాలము పోరాడించి, పిమ్మట విశ్రాంతికో, క్రొత్తవారికి నేర్పుటకో పంపుచుండిరి. జర్మను యోధుడు చచ్చువరకు, లేక బందీ యగువరకు, ఎగురుచునే యుండవలెను. తూర్పు రంగమున ఎదుటివారు సంఖ్యాధికులు. మొదటి యేండ్లలో వారి యోధులకు చాలినంత శిక్షణము లేదు. శత్రువునకు కానరాక మిక్కిలి చేరువకు పోయి, ఒక్క పెట్టున కాల్చి, వెంటనే తప్పుకొనుట హార్ట్‌మన్ పద్ధతి. అది నేర్పే, సందేహము లేదు. కాని ఆ అంకెను పెంచినది నేర్పు ఒక్కటియే కాదు. మనుష్యుని అరుగుదలకు వచ్చిన యంత్రమువలె వాడుకొన్న ప్రభుత్వముకూడ. ఆ ప్రభుత్వము చేసిన దుర్వినియోగమునే ఘనతగ మార్చి మన బాలురకు చూపుట ఎట్టి న్యాయము?

“ఆకాశమున యోధుడు యోధునితోనే పోరును, నేలమీది ఘోరములతో వానికి సంబంధమేమి?” అని యడుగువారు కలరు. ఇది వినుటకు ఇంపైన వాదము. నిలుచు వాదము మాత్రము కాదు. యుద్ధవిమానము వినోదమునకై ఎగురలేదు. బాంబులు మోయు విమానములకును, నేలపై నడచు సేనలకును అది పట్టిన గొడుగు. 1940 సెప్టెంబరు 7 మొదలు లండను నగరముపై రేయింబవళ్లు బాంబులు కురిసినవి. 1941 మే నాటికి ఇంగ్లండు పురములలో నలువది వేలకు పైగా పౌరులు మరణించిరి. పగటి దాడులలో ఆ బాంబుల వెంట కావలి పోయినవారు విక్ వంటి యోధులే. తూర్పున హార్ట్‌మన్ కావలి కాచిన సేన లెనిన్‌గ్రాడును 872 దినములు ముట్టడించి యాకలికి మాడ్చిన సేన. దాని చెరలో ముప్పది లక్షలకు మించిన సోవియట్ బందీలు చచ్చిరి. ఆ యుద్ధమున సోవియట్ దేశమున పోయిన ప్రాణములు రెండుకోట్ల డెబ్బది లక్షలని చరిత్రకారుల యంచనా. హార్ట్‌మన్ రంగమునకు రాకమునుపే, 1941 సెప్టెంబరు 29, 30 తేదీలలో, కీవ్ నగరము వెలుపలి బాబీయార్ లోయలో 33,771 మంది యూదులను ఆ ప్రభుత్వపు మనుష్యులు కాల్చి చంపిరి. గొడుగు పట్టినవాడు “నేను ఆకాశమునే చూచితిని, క్రింద నేమి జరిగెనో యెరుగను” అన్నచో, ఆ గొడుగు నీడలో జరిగిన పనికి వాని చేయి దూరమగునా?

మన పురాణముల నెరిగినవారు వెంటనే మరియొక మాట తెత్తురు. “కర్ణుడు కౌరవపక్షమున పోరలేదా? భీష్ముడు దుర్యోధనుని కొలువున లేడా? అయినను వారిని మనము వీరులని కొనియాడుట లేదా?” అని. కొనియాడుచున్నాము. కాని భారతము వారిని ప్రశ్నింపక విడిచెనా? రథచక్రము భూమిలో దిగబడినపుడు ధర్మము పలికిన కర్ణుని, ద్రౌపదిని సభకు ఈడ్చిననాడు నీ ధర్మమెటు పోయెనని శ్రీకృష్ణుడు నిలదీసెను. భీష్ముడంతటివాడు తాను కౌరవుల ధనమునకు కట్టుబడితినని ధర్మరాజు ఎదుట తలవంచి ఒప్పుకొనెను. వారి బాణములను మెచ్చుకొన్న కవియే వారి పక్షమును నిలదీసెను. ఆ నిలదీత యున్నందుననే అది పంచమవేదమైనది. నేటి పట్టికలలో బాణములు మాత్రమే మిగిలినవి. సభయు లేదు, ద్రౌపదియు లేదు, ప్రశ్నయు లేదు.

దూరమేల? రాజయ్యపేట యున్న అనకాపల్లి జిల్లాయందే కృష్ణదేవిపేట కలదు. అచ్చటనే అల్లూరి సీతారామరాజు సమాధి యున్నది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై పడినది మొదలు 1924 మే 7న నేలకొరగువరకు అతడు ఎందరిని చంపెనని మన మన్యమున ఎవ్వరైనను లెక్క చెప్పుదురా? చెప్పరు. చెప్పుకొనునది వేరు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో సర్కారు పటాలము నడచి వచ్చుచుండగా, పొదలలో పొంచియున్న రాజు మనుష్యులు ముందు నడచిన భారతీయ సిపాయీలను పోనిచ్చి, స్కాట్ కవర్డు, హైటరు అను ఇద్దరు తెల్లదొరలను మాత్రము కూల్చిరి. ఎవరిపై విల్లు ఎక్కుపెట్టవలెనో, ఎవరిని విడువవలెనో ఎరిగిన చేయి యది. ముఠాదారుల చాకిరిక్రిందను, అడవి చట్టముల క్రిందను నలిగిన మన్యప్రజలకై లేచిన చేయి యది. మన జనులు వీరుని కొలిచిన కొలత యిది. ఇంతటి కొలత ఇంట నుండగా పొరుగింటి తూకపురాళ్లు మనకేల?

ఇక జాతీయవాదుల నోటనే వినవచ్చు వాదమొకటి కలదు. “ఆంగ్లేయుడు మన శత్రువు, జర్మను యోధుడు ఆంగ్లేయుని కూల్చెను, కనుక అతడు మనకు మిత్రుడు” అని. పరపాలనలో వేగిపోయిన గుండెకు ఈ వాదము కొంత ఊరట నిచ్చియుండవచ్చును. కాని యది సత్యము కాదు. హిట్లరు తన గ్రంథమున, భారతదేశము మరియొకరి చేతిలో నుండుటకంటె ఆంగ్లేయుని చేతిలో నుండుటయే తనకు ఇష్టమని స్పష్టముగ వ్రాసెను. ఆంగ్లేయుని సామ్రాజ్యము అతనికి ఒజ్జబంతి. మనలను ఆంగ్లేయుడు ఏలినట్లు తూర్పు ఐరోపాను తాను ఏలవలెనని అతని కోరిక. బానిసత్వమునే బడిగ చేసికొన్నవాడు బానిసకు మిత్రుడెట్లగును?

ఈ సంగతిని ఇతరులకంటె ముందుగ అనుభవమున నెరిగినవాడు సుభాష్ చంద్ర బోసు. 1941లో ఆయన బెర్లిను చేరెను. స్వతంత్ర భారతమును గుర్తించు ప్రకటనను కోరెను. 1942 మే నెలలో హిట్లరును స్వయముగ కలిసికొనెను. ఆ ప్రకటన మాత్రము చేతికి రాలేదు. ఉత్తర ఆఫ్రికాలో పట్టువడిన భారతీయ సిపాయీలతో కూర్చిన సేన భారతదేశపు గడప త్రొక్కలేదు. దానిని జర్మనులు ఫ్రాన్సు సముద్రతీరమున కావలికి పెట్టుకొనిరి. 1943 ఫిబ్రవరిలో బోసు జలాంతర్గామి నెక్కి తూర్పునకు బయలుదేరినపుడు వెంట నడచిన సహచరుడు మన హైదరాబాదు వాడు, ఆబిద్ హసన్. “జై హింద్” అను నినాదమును మనకిచ్చినవాడని ప్రసిద్ధుడు. జర్మనీలో చదివి, జర్మను భాష నెరిగి, జర్మను రాజధానిలో పనిచేసిన ఆ హైదరాబాదీయుడు జర్మను యోధుని పద్దును మెడలో కట్టుకొని రాలేదు. తన దేశపు పేరునకు జయము పలికెను. ఆయనను అభిమానించు యువకులు ఆయన ఎవరికి జేజేలు పలికెనో గమనింపవలదా?

జర్మనుని కాదన్నంత మాత్రమున ఆంగ్లేయునకు హారతి పట్టుట మా పని కాదు. ఇచ్చటనే మన సొంత పద్దు ఆరంభమగుచున్నది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఈ దేశపు ప్రతినిధుల నొక్కమాటయైన నడుగక భారతదేశమును యుద్ధములోనికి దింపెను. ఆ నెల 14న కాంగ్రెసు కార్యవర్గము నాజీల దౌర్జన్యమును ఖండించుచునే, ఈ యుద్ధము స్వాతంత్ర్యము కొరకైనచో ఆ స్వాతంత్ర్యము భారతదేశమునకును కలదా యని యడిగెను. సమాధానము రాలేదు. అక్టోబరులో చెన్నరాజధానియందలి కాంగ్రెసు మంత్రివర్గము రాజీనామా నిచ్చెను. పరిపాలనము గవర్నరు చేతికి పోయెను. నైజాము రాజ్యమున సంగతి అంతకంటె అధ్వాన్నము: అచ్చటి స్టేట్ కాంగ్రెసు 1938లో పుట్టకమునుపే నిషేధింపబడెను. అనగా యుద్ధనిధులు పోగుచేసిన నాడు తెలుగునాటి రెండు ఖండములలోను “వలదు” అనగల ప్రజాసభ యొక్కటియు పనిచేయుట లేదు.

ఆ స్థితిలో సీమ ఆకాశమున మన ఊళ్ల పేర్లు వెలసినవి. ఆంగ్లేయ వైమానిక సేనలో 152వ దళమునకు హైదరాబాదు అని పేరు. దాని చిహ్నము నిజాము తలపాగా. దాని నినాదము “విశ్వాసపాత్రుడైన మిత్రుడు” అను నర్థము గలది. అది 1940లో ఇంగ్లండు దక్షిణ తీరమున వార్మ్‌వెల్ అను స్థావరమునుండి స్పిట్‌ఫైరు విమానములతో పోరినది. విక్ దళము పోరిన ఆకాశమదియే. 253వ దళమునకును హైదరాబాదు సంస్థానము పేరే. 79, 234, 264 సంఖ్యల దళములకు చెన్నరాజధాని పేరు. నాటి విశాఖపట్టణము జిల్లాయు, దానిలోని సముద్రపు టొడ్డు పల్లెలును చెన్నరాజధానిలోనివే. కనుక ఆ విమానముల రెక్కలలో మన గ్రామముల రాబడి కలదు.

ఎవరి రాబడి యది? నిజాము సొంత చేతితో నాగలి పట్టలేదు. 1937లో అమెరికా పత్రిక యొకటి ఆయనను లోకమున మిక్కిలి ధనవంతుడని తన ముఖపత్రమున ప్రకటించెను. ఆ ధనము జాగీరులనుండియు, సర్ఫేఖాసు గ్రామములనుండియు, దివానీ శిస్తునుండియు వచ్చినది. తెలంగాణమున దేశముఖుని గడీయందు కూలిలేక పనిచేసిన వెట్టివాని చెమట అందులో కలదు. యుద్ధకాలమున పండిన పంటలో లెవీ పేర బలవంతముగ కొలిపించుకొన్న ధాన్యము కలదు. స్పిట్‌ఫైరు నొకదానికి ఐదువేల పౌనులని నాడు నిధుల కొరకు వెల కట్టిరి. ఐదువేల పౌనులు చెల్లించినవారి పేరు విమానమున వ్రాసిరి. వెట్టివాని పేరు ఏ విమానమునను ఎవ్వరును వ్రాయలేదు. నిజామునకు “విశ్వాసపాత్రుడైన మిత్రుడు” అను బిరుదు వచ్చెను. రైతునకు రశీదైనను రాలేదు.

ఇట్టి దానము ఆ యుద్ధముననే మొదటిది కాదు. 1918లో 110వ దళమునకు వలసిన విమానములన్నింటిని నిజాము కొనియిచ్చెను. అది హైదరాబాదు దళమను పేరుతో ఫ్రాన్సు చేరి, జర్మను నగరములపై బాంబులు వేయుటకు కూర్చిన స్వతంత్ర సేనలో చేరెను. ఆ సేన బాంబులు వేసిన నగరములలో మన్‌హైము ఒకటి. ఆనాడు ఆ నగరమున పుట్టిన హెల్ముట్ విక్ మూడేండ్ల బిడ్డ. మెదకులోనో నల్లగొండలోనో శిస్తు కట్టిన రైతునకు మన్‌హైము ఎచ్చటనున్నదో తెలియదు. మన్‌హైము బిడ్డతో వానికి పగయు లేదు. రైతు నడుగక తీసిన సొమ్ము, రైతు ఎరుగని ఊరిపై నిప్పై కురియుటకు పోయినది. సామ్రాజ్యము అనగా నేమో పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు తోచుట లేదు.

ఈ పాఠమును నాడే చెప్పినవారు కలరు. విక్ తన దళమునకు అధిపతియైన 1940 అక్టోబరు నెలలోనే, 17వ తేదీన, వినోబా భావే పవునారులో వ్యక్తి సత్యాగ్రహము నారంభించి, ఈ యుద్ధమునకు మనుష్యులతోగాని ధనముతోగాని తోడ్పడుట తప్పని పలికి చెరసాలకు పోయెను. 1941లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు మొదలగువారు ఆ మార్గమున నడచిరి. ఒకడు ఆకాశమున నలువదిరెండు లెక్క పెట్టుకొనుచుండగా, ఒకడు నేలపై నిలిచి ఒక్కమాట చెప్పి చెరకు పోయెను. ఈ రెండవవానికి పట్టిక లేదు. అయినను ఏడేండ్లలో దేశము విడుదల యైనది ఆ మాటవలననేగాని ఆ అంకెవలన కాదు.

ఇక 1942 ఏప్రిల్ 6. రాజయ్యపేట తీరమున నిలిచి సముద్రమువంక చూచినచో ఎడమచేతివైపు విశాఖపట్టణము, కుడిచేతివైపు కాకినాడ. ఆనాడు జపానీయుల ర్యూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు ఈ రెండు రేవులపైనను బాంబులు వేసినవి. బంగాళాఖాతమున జపాను నావికాదళము కొలది దినములలోనే ఇరువదికి పైగా సరకు ఓడలను ముంచెను. విశాఖ జనులు మూటలు కట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. చెన్నపట్టణము సగము ఖాళీ యయ్యెను. ఆ దినమున విశాఖలో దొరికిన పేలని బాంబును తరువాత విశాఖ మ్యూజియమున భద్రపరచిరి, చూడగోరువారు చూడవచ్చును.

ఆ దినమున మన పేరు గల విమానము లెచ్చట నుండెను? సీమలో నుండెను. స్పిట్‌ఫైరు యుద్ధవిమానములు భారతదేశమునకు చేరుట 1943లోగాని జరుగలేదు. హైదరాబాదు పేరు గల 152వ దళము ఇటువైపు వచ్చినది ఆ సంవత్సరము చివరనే. అనగా తెలుగువాని సొమ్ము 1940లో ఇంగ్లండు తీరమును కాచెను. 1942లో తెలుగు తీరమును కాచుటకు దానిలో నొక్క రెక్కయు దొరకలేదు. కొందరు హరికేను విమానములను సింహళమునను కలకత్తాలోను ఉంచిరందురు, నిజమే. విశాఖకును కాకినాడకును నడుమనున్న పల్లెలకు మాత్రము దేవుడే దిక్కు. సొమ్ము నిచ్చినవాని యిల్లు చివరి పద్దులోనికి పోవుట, పుచ్చుకొన్నవాని యిల్లు మొదటి పద్దులో నుండుట – ఇది “విశ్వాసపాత్రుడైన మిత్రునకు” దక్కిన ప్రతిఫలము.

“నాజీలు ఓడుట లోకమునకు మేలు కాదా? ఆ మేలులో మన సొమ్ము పాలుపంచుకొనుట గర్వకారణము కాదా?” అని యొకరడుగవచ్చును. నాజీలు ఓడుట లోకమునకు మేలే. ఆ మాట మేము సంకోచింపక చెప్పెదము. కాని స్వేచ్ఛగా ఇచ్చినది దానము. అడుగక తీసినది దోపిడి. దోచిన సొమ్ముతో మంచిపని జరిగినను దోచినవాడు దాత కాజాలడు. రైతునకు ఓటు నిచ్చి, సభ నిచ్చి, “నాజీలతో పోరుదమా?” యని యడిగియున్నచో, వాడు తన కడుపు కట్టుకొనియైనను ఇచ్చియుండునేమో! అడుగలేదు. అడుగని పాపము 1940 నాటి పాలకులది. దానిని నేడు గర్వముగ మార్చి చెప్పుకొనుట మన యజ్ఞానము.

ఆకాశమున ఎగిరిన మన హైదరాబాదు వాని నొకనిని చూపి ఈ వాదమును ముగింపవలెనని మా కోరిక. ఇద్రిస్ హసన్ లతీఫ్ 1923లో హైదరాబాదున జన్మించి, 1942లో వైమానిక సేనలో చేరి, సీమలో శిక్షణము పొంది, బర్మా రంగమున జపానీయులతో పోరెను. 1947లో సేన రెండుగ చీలినపుడు పాకిస్తానునకు రమ్మని తోటి యోధులు పిలిచిరి. ఆయన భారతదేశమునే కోరుకొనెను. 1978 మొదలు 1981 వరకు భారత వైమానిక సేనకు అధిపతిగ నుండి, 2018లో హైదరాబాదుననే కన్నుమూసెను. ఆయన ఎన్ని విమానములు కూల్చెనని మేము లెక్క చూడము. పరుల కొలువున నేర్చిన విద్యను సొంత గణతంత్రపు కొలువునకు తెచ్చుటయే ఆయన ఘనత. పక్షము నెంచుకొనవలసిన ఘడియ వచ్చినపుడు ఎంచుకొనెను. విక్‌నకును హార్ట్‌మన్‌నకును అట్టి ఘడియ రాలేదని యనరాదు. ప్రతి యుదయము విమానమెక్కునపుడెల్ల వచ్చెను.

కాబట్టి పఠనమందిరముల కార్యదర్శులకును, పాఠశాలల ఉపాధ్యాయులకును మా విన్నపమిది. జర్మను యోధుల చరిత్రలను బీరువాలనుండి తీసివేయవలదు, చదివింపుడు. కాని అంకె చెప్పిన బాలుని వెంటనే మూడు ప్రశ్న లడుగుడు: ఎవరి పక్షమున? ఎవరి సొమ్ముతో? ఎవరి నెత్తిమీద? ఆ చరిత్రల ప్రక్కనే 1942 ఏప్రిల్ 6 నాటి విశాఖ, కాకినాడల కథను పెట్టుడు. ఆనాడు మూట కట్టుకొని పరుగెత్తిన తల్లిదండ్రులవలన విన్న సంగతులను చెప్పగల వృద్ధులు మన సముద్రపు టొడ్డు పల్లెలలో నింకను కలరు. వారి మాటలను వ్రాసి యుంచుడు. హైదరాబాదు దళము, చెన్నరాజధాని దళములు ఎవరి సొమ్ముతో నిలిచెనో పాఠముగ చెప్పుడు. ఏప్రిల్ 6వ తేదీన విశాఖ మ్యూజియమునకు పిల్లలను తీసికొనిపోయి ఆ పేలని బాంబును చూపుడు.

పక్షము నడుగక నేర్పునే పూజించు జాతి, నేర్పుగల యే దొరకైనను చాకిరి చేయుటకు సిద్ధపడిన జాతి. నూటయేబది యేండ్లకు పైగా అట్టి చాకిరి చేసి, మన బిడ్డలను ఎరుగని ఊళ్లపైకి పంపి, మన సొమ్ముతో పరుల యిండ్లను కాచి, మన యింటికి నిప్పంటుకొన్ననాడు ఆకాశమువంక వట్టి కన్నులతో చూచితిమి. ఆ చూపును మరువకుడు. ఆంధ్ర యువకులారా! పరుల పతకముల లెక్క మీకు కంఠస్థమైనది. ఇక మీ తాతల రశీదు లేని పద్దును కంఠస్థము చేయుడు. మీరు అప్పగింపక మానినచో ఆ బాకీ ఎప్పటికిని తీరదు.